గోడ లేనివాళ్ల కుక్క

కెంపనహాళు,
ఆలూరు దగ్గర, కర్నూలు జిల్లా.
ఏప్రిల్ 6

కడప మూగజీవుల ఆశ్రయంలో వాలంటీరు కృపమణి గారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రాశాననే అనుకోండి.

నా పేరు మహేశ్వరి. ఈ ఊళ్లో అంగన్‌వాడీ టీచరును. మా మామ కంబన్నది గొర్ల మంద. ప్రతి ఏడూ వరికోతలు అయ్యాక మందను తోలుకొని మీ కడప జిల్లాకు వస్తారు. కాలువ కింది చేలల్లో రాత్రుళ్లు మందను పడుకోబెడతారు. ఎరువు రైతుకు, గింజలు మాకు. ఈ జనవరిలో మంద ఖాజీపేట దగ్గర ఉన్నప్పుడు మా కుక్క కెంచిని మీరు ఎత్తుకుపోయారు.

ఎత్తుకుపోయారు అనే రాస్తున్నాను. కాపాడారు అని మీరు రాసుకుంటారని తెలుసు. అడవిపంది కెంచి తొడను కుమ్మింది. అది నడవలేకపోతే మామ చేని గట్టున చింతచెట్టు కింద కట్టేసి, గోనెసంచి పరిచి, కుండలో నీళ్లు పెట్టి, గాయానికి వేపనూనె, పసుపు, బూడిద పట్టించాడు. మంద అవతలి చేనికి పోవాలి కాబట్టి పోయాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి సంగటి తినిపించేవాడు. మూడోనాటి సాయంత్రం వచ్చి చూస్తే కుండ ఉంది, గోనె ఉంది, తాడు కోసేసి ఉంది. కుక్క లేదు.

తెల్ల ఆటోలో వచ్చిన వాళ్లు తీసుకుపోయారని పక్కచేని ఆమె చెప్పింది. ఆ ఆటో ఎక్కడిదో తెలియడానికి వారం పట్టింది. తెలిసిన రోజే మామ మందను నా భర్త వీరభద్రకు అప్పజెప్పి, సగం దారి నడిచి, సగం దారి ట్రాక్టరు మీద మీ ఆశ్రయానికి వచ్చాడు. గేటు దగ్గర ఒకామె ఉందట. "ఎర్ర కుక్కమ్మా, మెడలో గుది ఉంటాది, తొడకు దెబ్బ ఉండాది, ఈడికి తెచ్చినారా" అని అడిగాడు. గుది అంటే మెడకు వేలాడే కొయ్యముక్క. "అట్లాంటి కుక్క ఈడ లేదు, పోప్పా" అన్నదట ఆమె. మామ నమ్మాడు. తిరిగొచ్చే దారిలో ఎక్కడ కాకులు మూగినా పోయి చూసి వచ్చాడు.

మొన్న మీ ఆశ్రయం పేజీలో ఫోటో చూశాను. గులాబీ రంగు పట్టీ కట్టుకొని మా కెంచి. పక్కన మీరు. కింద "వాలంటీరు కృపమణి గారితో మన హనీ. హనీకి ఇల్లు దొరికింది" అని రాశారు. హనీ అంట. ఫోటో చూపిస్తే మామ ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆశ్రయానికి ఫోన్ చేశాను. కుక్క అనగానే పెట్టేశారు, తర్వాత నా నంబరు కలవకుండానే చేశారు. అందుకే రిజిస్టరు పోస్టు. సంతకం పెట్టి తీసుకోక తప్పదు కదా. మా కుక్క ఎవరింట్లో ఉందో చెప్పండి. లేకపోతే పోలీసుల దగ్గరికి పోతాం.

మహేశ్వరి

*

కడప,
ఏప్రిల్ 15

మహేశ్వరి గారికి,

ఉత్తరం అందింది. ఆశ్రయం కమిటీ జవాబు రాయమంటే రాస్తున్నాను.

మేం చేని దగ్గర చూసిందేమిటో మీరు కూడా తెలుసుకోవాలి. నడవలేని ప్రాణి చెట్టుకు కట్టేసి ఉంది. మెడలో మూరెడు కొయ్య. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. గాయంలో బూడిద, బూడిద కింద పురుగులు. పట్టకారుతో నూట పద్నాలుగు ఏరాను. లెక్కపెట్టుకుంటూ ఏరాను. డాక్టరు గారు ఇంకో రెండు రోజులైతే కాలు తీసేయాలి, వారమైతే కాలు కూడా తీసే పని ఉండదు అన్నారు. మీ సంగటి గురించి, గోనె గురించి ఇంత వివరంగా రాశారు, పురుగుల గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఆ రోజు గేటు దగ్గర ఎవరున్నారో మా రిజిస్టరులో లేదు. దత్తత తీసుకున్నవారి పేరు, చిరునామా ఎవరికీ చెప్పకూడదన్నది మా నియమం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాకే ఏ కుక్కనైనా దత్తతకు ఇస్తాం, హనీకి కూడా ఆ ఆపరేషన్ అయింది. అది ఇప్పుడు పద్ధతిగా చూసుకునే ఇంట్లో ఉంది. వేళకు తిండి, మెత్తటి పడక, మెడలో కొయ్య లేదు.

పోలీసుల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. గాయపడిన జంతువును కట్టేసి వదిలిపోయినందుకు కేసు ముందు మీ మామగారి మీదే రాస్తారు.

కృపమణి

*

కెంపనహాళు,
ఏప్రిల్ 24

కృపమణి గారికి,

మీ ఉత్తరం మామకు చదివి వినిపించాను. ఒక్క వాక్యం మాత్రం మింగేశాను. ఆపరేషన్ అన్న మాట.

మీరు ఆ మాటను ఎంత తేలిగ్గా రాశారో. టీకా వేసినట్టు. కెంచి తల్లి ఈ మందదే, దాని తల్లీ ఈ మందదే. మామ వాళ్ల తాత గదగ్ సంతలో ఒక ఆడకుక్కపిల్లను కొని కంబళిలో చుట్టుకొని తెచ్చాడట, అప్పటి నుంచీ మా మందకు ఆ కడుపునే కుక్కలు. కెంచి ఇంకా ఒక్కసారీ ఈనలేదు. నిరుడు దాని తల్లి చచ్చిపోయింది. కెంచి ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ అయిపోయింది. ఆపరేషన్‌కు ముందు మీరు అడగాల్సిన మనిషి మీ గేటు దాకా వచ్చాడు కదా.

గుది గురించి చెప్తాను, చదువుకున్నవాళ్లు కాబట్టి అర్థమవుతుందేమో. కెంచికి కుందేలు కనిపిస్తే మందను మరిచిపోతుంది. గుది ముందుకాళ్లకు తగులుతుంటే అంత దూరం పరిగెత్తదు. మీరు బండికి బ్రేకు పెట్టుకుంటారు, అది బండిని హింసించడం అనరు. మామ ఆ కొయ్యను వారం రోజులు చెక్కి, మూలలు మెడకు గుచ్చుకోకుండా గాజుపెంకుతో నున్నగా చేశాడు. మీ పేజీలో ఇంకో ఫోటో కూడా చూశాను. ఆ గుదిని మీ ఆశ్రయం గోడకు వేలాడదీసి, కింద "మనిషి క్రూరత్వం" అని అట్ట కట్టి, స్కూలు పిల్లలకు చూపిస్తున్నారు. మామ అది చూసి ఏమన్నాడో తెలుసా? "నేను చెక్కిందే. పిల్లోళ్లు నన్ను తిట్టుకుంటా ఉంటారా" అన్నాడు. అంతే అన్నాడు. మీకు శాపనార్థాలు పెట్టే మనిషైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

కెంచి లేక ఈ మూడు నెలల్లో తోడేలు పదకొండు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. ఇంకో కుక్కను తెచ్చారు. అది తోడేలును చూసి మంద మధ్యలో దూరుతోంది.

పురుగుల సంగతి. మామను అడిగాను. "మూడోనాడు సూసినా. సున్నం, పొగాకు తెచ్చేదానికే ఊళ్లోకి పోయినా" అన్నాడు. అప్పుడే మీ ఆటో వచ్చింది.

మహేశ్వరి

*

కడప,
మే 3

మహేశ్వరి గారికి,

కమిటీ ఒక మెట్టు దిగింది. నేను వద్దన్నాను, అయినా దిగింది. కంబన్న గారు హనీని కోరుకుంటే అందరిలాగే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడు పెంచుకుంటున్నవారు ఒప్పుకుంటేనే ఆ తర్వాతి సంగతి. దరఖాస్తు దీనితో పంపుతున్నాను. ప్రతి ప్రశ్నకూ జవాబు రాయాలి, అబద్ధం రాస్తే రద్దవుతుంది.

ఆపరేషన్ గురించి మీరు రాసింది చదివాను. ఏటా ఎన్ని కుక్కపిల్లలను గోనెసంచిలో కట్టి మా గేటు ముందు పడేస్తారో మీకు తెలియదు. ఆ సంచులు విప్పేదాన్ని నేను. నేను క్షమాపణ చెప్పను.

కృపమణి

*

కెంపనహాళు,
మే 12

కృపమణి గారికి,

తన కుక్కను తాను దత్తత తీసుకోవడానికి మా మామ దరఖాస్తు పెట్టుకోవాలి. ఊళ్లో ఈ మాట చెప్తే అరగంట నవ్వారు. మామ నవ్వలేదు. కళ్లద్దాలు తుడుచుకొని "సదువు" అన్నాడు. ఒక్కో ప్రశ్న చదివాను, ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. దరఖాస్తు దీనిలోనే ఉంది, అయినా మీరు తప్పించుకోకుండా ఇక్కడ కూడా రాస్తున్నాను.

మీ ఇంటికి ప్రహరీ గోడ ఉందా?
"గోడ ఉంటే కుక్క ఎందుకప్పా."

కుక్క ఎక్కడ నిద్రపోతుంది?
"అది నిద్రపోతే మేము మేలుకోవాల."

రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది?
"నూటా అరవై గొర్లు, నేను, వీరభద్రుడు. ఒంటరిగా యాడుంటాది?"

ఇంతకు ముందు మీ పెంపుడు జంతువు ఏదైనా తప్పిపోయిందా?
"ఒకటి. మీరే ఎత్తుకపోతిరి."

మా వాలంటీరు ఏడాది పాటు నెలకోసారి వచ్చి చూడటానికి సమ్మతమేనా?
"మంద యాడుంటే ఆడికి రావాల. మంచి చెప్పులు ఏసుకొని రమ్మను."

కుక్కను ఎందుకు దత్తత తీసుకోవాలనుకుంటున్నారు?

ఈ ప్రశ్న చదవగానే మామ లేచి బయటికి పోయాడు. గొర్లకు నీళ్లు పెట్టే వేళ కూడా కాదు. ఆ గడిని ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడి ఉంటే దరఖాస్తు చెల్లదని కింద చిన్న అక్షరాలతో ఉంది, చూశాను. చెల్లకపోతే పోనీ అనుకున్నాను.

మహేశ్వరి

*

కడప,
మే 22

మహేశ్వరి గారికి,

వేళాకోళాలు బాగున్నాయి. కమిటీలో చదివి అందరూ నవ్వారు. మీ మామగారికి తెలివి ఉంది, అది నేను కాదనను. దరఖాస్తు మాత్రం చెల్లదు.

ఇక నా మాట వినండి. మీరు పంపిన మూడు ఉత్తరాలు తిరగేసి చూశాను. కెంచి లేక పదకొండు గొర్రెపిల్లలు పోయాయని రాశారు. దాని కడుపున పుట్టాల్సిన కుక్కలు పోయాయని రాశారు. కాపలా పోయింది, సంతానం పోయింది. అది మీకు పనిముట్టు. పారకు, కొడవలికి పడే బాధే పడుతున్నారు. కాలు సరిగా రాని కుక్కను రేపు మీరేం చేసుకుంటారు? పని చేయని కుక్కను మీ మందలో ఎన్నాళ్లు మేపుతారు?

నాకు దాని వల్ల ఒక్క పనీ లేదు. పోయిన నవంబరులో మా ఆశ్రయంలో కుక్కపిల్లలకు పార్వో వచ్చింది. రక్త విరేచనాలు, ఏం చేసినా ఆగవు. తొమ్మిది రోజుల్లో ముప్పై ఒక్కటి చచ్చిపోయాయి. నేను పెద్దాసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన దాన్ని, చావు కొత్త కాదు. కానీ ఒకదానికి సెలైను పెడుతుంటే పక్కది పోయేది. పాతిపెట్టడానికి గుంతలు తవ్వే మనిషి మారెన్న పదో రోజు రానన్నాడు. ఆ తర్వాత ఆదివారం చర్చికి పోతే పాట పాడలేకపోయాను. మా ప్రేమమ్మ అక్క "ఇంక ఆ కుక్కల దగ్గరికి పోవద్దే, పిచ్చిదానివైపోతాండావు" అని చేతులు పట్టుకుంది. మానేద్దామనే అనుకున్నాను. అప్పుడు హనీ వచ్చింది. అది బతికింది. నా చేతుల్లో ఒకటి బతికింది. ఇది మీకు అర్థం కాదు, అర్థం కావాలని కూడా నేను అడగడం లేదు.

మొన్న శనివారం ఉరుములతో వాన పడినప్పుడు అది గజగజ వణుకుతూ నా మంచం కింద దూరింది. చెయ్యి కిందికి వేలాడేస్తే వచ్చి తల ఆనించింది. తెల్లారేదాకా నేను చెయ్యి తీయలేదు. మీ మామగారు ఇంత చేశారా ఎప్పుడైనా?

కృపమణి

*

కెంపనహాళు,
మే 29

కృపమణి గారికి,

కుక్కను ఎవరికో దత్తత ఇచ్చేశామన్నారు. వాళ్ల పేరు చెప్పకూడదన్నారు. వాళ్లు ఒప్పుకుంటేగానీ ఏమీ చేయలేమన్నారు. మొన్న శనివారం అది మీ మంచం కింద ఉంది.

పద్ధతిగా చూసుకునే ఇల్లు మీదేనన్నమాట.

నేను మీ అంత చదువుకోలేదు. అంగన్‌వాడీలో పిల్లలు చెంచా దాచి నాకు తెలియదంటే వాళ్ల మొహం చూసి చెప్తాను. మీ మొహం చూడలేదు, ఉత్తరం చాలింది. ఇప్పుడు ఇంకో సంగతి అడుగుతాను, జవాబు రాయండి. జనవరిలో గేటు దగ్గర మా మామతో లేదని చెప్పిన ఆమె ఎవరు?

మహేశ్వరి

*

కడప,
జూన్ 17

మహేశ్వరమ్మా,

మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

గేటు దగ్గర ఉన్నది నేనే.

దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో వచ్చాడు మీ మామ. భుజాన కంబళి. చేతిలో తామరాకులో చుట్టిన మూట ఉంది. అదేమిటని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు, "దానికి సంగటి తెచ్చినా" అని. మీరు రాసినట్టే అడిగాడు. ఎర్ర కుక్క, గుది, తొడకు దెబ్బ. నేను లేదన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. "సరేమ్మా, కనపడితే ఖాజీపేట కాడ మంద ఉండాది, చెప్పి పంపు" అన్నాడు. తల ఊపాను.

నేను ఇంకోటి చెప్పాలి, ఇది ఎవరికీ చెప్పలేదు. హనీ నా చేతుల్లో లేచి నిలబడిందని ఆశ్రయంలో అందరికీ చెప్పుకున్నాను. పేజీలో కూడా రాశారు. అది నిజం కాదు. నేను రాత్రీ పగలూ కూర్చున్నా అది లేవలేదు. ఆ రోజు గేటు దగ్గర మీ మామ గొంతు వినిపించింది. లోపలి గదిలో అది లేచింది. కుంటుకుంటూ తలుపు దాకా వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను, నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. నేను తలుపు మూసేశాను.

ఎందుకు మూశానో నాకు తెలుసు. కొయ్య చూసి కోపమొచ్చిందని, క్రూరులకు ఇవ్వకూడదనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది తర్వాత అల్లుకున్న మాట. ముప్పై ఒక్కటి పోయాక ఒకటి బతికింది, దాన్ని ఇవ్వబుద్ధి కాలేదు. అంతే. తర్వాత కమిటీలో నేనే దత్తత కాగితం నా పేరున రాయించుకున్నాను. మీ ఉత్తరం వచ్చినప్పుడు అది నా కాళ్ల దగ్గర పడుకొని ఉంది, దాని మీద చెయ్యి వేసుకొనే మీకు నియమాల గురించి రాశాను. నా అంత దొంగను నేను చూడలేదు.

గుదిని గోడ మీద నుంచి తీయించాను. అట్ట చించేశాను. ఆపరేషన్‌ను మాత్రం వెనక్కి తేలేను.

కమిటీకి అంతా చెప్పాను. దరఖాస్తు అక్కర్లేదన్నారు. మీరు ఒప్పుకుంటే వచ్చే నెల నేనే తీసుకొస్తాను. కంబన్న గారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఏ వాక్యమూ మింగొద్దు.

కృపమణి

*

కెంపనహాళు,
జూన్ 26

కృపమణి గారికి,

మొత్తం చదివాను. ఆపరేషన్ సంగతి కూడా అప్పుడే చెప్పాను, ఇంక దాచి ఏం లాభమని.

మామ ఆపరేషన్ మాటకు కళ్లు మూసుకున్నాడు. తలుపు దాకా లేచి వచ్చిందన్న చోట "మళ్లీ సదువు" అన్నాడు. రెండోసారి చదివాను. మూడోసారి నేనే చదవలేకపోయాను.

మీకు ఏడుపు వచ్చి ఉంటుంది ఇది రాసేటప్పుడు. నాకు జాలి కలగలేదు. మా మామ ఆ సంగటి మూటను తిరిగొచ్చే దారిలో ఎవరిదో కుక్కకు పెట్టేశాడు. అరవై రెండేళ్ల మనిషి.

జూలై మొదటి వారం వానలకు మంద ఊరి బీళ్లలోనే ఉంటుంది. తెచ్చి దింపి పొండి. కాఫీ నీళ్లు ఇస్తాం, ఇంటికొచ్చిన వాళ్లకు ఇవ్వకపోతే మాకు నామోషీ. అంతకు మించి నా దగ్గర ఏమీ ఆశించొద్దు.

మహేశ్వరి

*

కడప,
జూలై 10

మహేశ్వరమ్మా,

క్షేమంగా చేరాను. ఆలూరు నుంచి గుంతకల్లుకు బస్సు, అక్కడి నుంచి రైలు. వచ్చేటప్పుడు ఆశ్రయం ఆటోలో తీసుకొచ్చాం కదా, తిరుగు ప్రయాణం ఆ ఆటోలో చేయలేకపోయాను. వెనకసీటు మీద దాని వెంట్రుకలు ఉన్నాయి. డ్రైవరును ఒక్కణ్నే పంపించేశాను.

మీరు ఆ పూట ఇంట్లో ఉన్నారు, బీడు దగ్గర జరిగింది మీరు చూడలేదు. మీ ఆయన నన్ను తీసుకుపోయాడు. ఆటో ఆగకముందే అది ముక్కు బయటపెట్టి ఏదో ఒక రకంగా మూలిగింది, ఆ శబ్దం ఆరు నెలల్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. తలుపు తీశాను. కంబన్న గారు దూరంగా గొర్ల వెనక ఉన్నారు. పిలవలేదు. అది పోయి ఆయన మీద పడింది. ఆయన కింద కూర్చుండిపోయారు. తొడ మీద గాయం మాని వెంట్రుకలు రాని చోటును వేళ్లతో తడిమి తడిమి చూశారు. నేను బాగానే చేశానని ఆయన అంటారేమోనని అక్కడే నిలబడ్డాను. చూడు తల్లీ నా సిగ్గులేనితనం.

ఆయన నన్ను ఒక్కసారి చూశారు. గుర్తుపట్టారో లేదో తెలియలేదు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇంట్లో మంచం కింద చాప అలాగే ఉంది. పొద్దున ఆశ్రయానికి పోతున్నాను, గిన్నెలు కడుగుతున్నాను, కొత్తగా వచ్చిన వాటికి మందులు వేస్తున్నాను. ఏ కుక్కనూ ఒళ్లో పెట్టుకోవడం లేదు.

నెలకోసారి వచ్చి చూసుకోవచ్చా? మా నియమం అని అడగడం లేదు. మంచి చెప్పులే వేసుకొని వస్తాను. మంద ఎక్కడుంటే అక్కడికి వస్తాను. దూరం నుంచి చూసి వచ్చేస్తాను. అడుక్కుంటున్నాననే అనుకోండి.

కృపమణి

*

కెంపనహాళు,
ఆగస్టు 18

కృపమణి గారికి,

జవాబు ఆలస్యమైంది. కావాలనే చేశాను. ఇప్పుడు మామ రాయమన్నాడు, రాస్తున్నాను.

ముందు కెంచి సంగతి. అది పనికి రావడం లేదు. మీ సబ్బు వాసనకో ఏమో మొదటి వారం గొర్లు దాన్ని చూసి బెదిరి చెల్లాచెదురయ్యాయి. తోడేలు వాసన తగిలితే నాలుగడుగులు వేస్తుంది, ఆ కాలు పట్టేస్తుంది, ఆగిపోతుంది. సంగటి పెడితే మొహం తిప్పుకుంటుంది. పెరుగన్నం కలిపితేగానీ ముట్టదు. అత్త రోజూ మిమ్మల్ని తలుచుకుంటూ పెరుగు పోస్తోంది, ఏ మాటలతో తలుచుకుంటుందో రాయను.

మీరు ఒక ఉత్తరంలో అడిగారు, పని చేయని కుక్కను మీ మందలో ఎన్నాళ్లు మేపుతారు అని. పోయిన వారం మా ఊరి నాగరాజ్ చిన్నాయన కూడా అదే అడిగాడు. "ఏం కంబన్నా, పని చెయ్యని కుక్కకు పెరుగన్నం పెడతాండావు, ఆలూరు సంతలో ఇడిసిపెట్టరాదా" అన్నాడు. మామ చుట్ట ఆర్పేసి, "నువ్వు పని మానుకొని పదేండ్లాయె. నిన్ను ఏ సంతలో ఇడిసిపెట్టిరి మీవోళ్లు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పగలు వీరభద్ర కొత్త కుక్కతో మందకు పోతాడు. మామ ఇప్పుడు సగం రోజులు ఇంటి దగ్గరే ఉంటున్నాడు, ఆయన మంచం పక్కన కెంచి.

గుర్తుపట్టాడో లేదో తెలియలేదని రాశారు. పట్టాడు. "ఆటో దిగతానే తెలిసె, గేటు కాడి ఆయమ్మే అని" అన్నాడు. మరి ఏమీ అనలేదేమంటే, "కుక్కకు తొడ బాగా మానిండాది. ఆ చెయ్యే, ఆ నోరే. దేన్ని తిట్టాల" అన్నాడు. నేనైతే నోటినే తిట్టేదాన్ని. నేను మిమ్మల్ని క్షమించలేదు, నా వల్ల కాదు, అది మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు మీరు అడిగిన దానికి జవాబు. మీ ఉత్తరం మామకు చదివి వినిపించాను. ఏం రాయాలని రెండుసార్లు అడిగాను. రమ్మంటాడనే అనుకున్నాను, ఆయన మెత్తదనం నాకు తెలుసు. నిన్న సాయంత్రం రోడ్డు మీద తెల్ల ఆటో ఒకటి పోయింది. ఎవరిదో పెళ్లివాళ్లది. కెంచి మంచం పక్క నుంచి లేచింది. పట్టేసే ఆ కాలితోనే రోడ్డు దాకా పరిగెత్తింది, ఆటో వెంట ఊరి చివరి దాకా పోయింది. మామ పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. ఎప్పటికో తిరిగొచ్చింది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఈ పొద్దున నన్ను పిలిచి కాగితం తెమ్మన్నాడు. ఒక్కో మాటా చెప్పాడు, ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

"ఆయమ్మను రావద్దని రాయి. కోపంతో కాదని రాయి. ఆయమ్మ వస్తే కెంచి ఆయమ్మ ఎంట పోతాది. తాడేసి కట్టేది నా చేత కాదు. అది పోతాంటే సూసేది కూడా నా చేత కాదు."

మహేశ్వరి